ఫ్రిజ్ తన్నే ఇల్లు

మా వంటింట్లో ఫ్రిజ్ తంతుంది.
రొసారియోలో ఈ మాటకెవరూ ఆశ్చర్యపోరు.
"మాదీ అంతే" అంటారు,
చెప్పులేసుకున్నావా అని అడుగుతారు.

పిడికి గుడ్డ చుట్టింది మా అత్తగారు.
ఆవిడ పోయాక గుడ్డ మార్చాను గానీ
ఎందుకు చుట్టామన్నది ఎవరం ఎత్తలేదు.
పరానా నది మీంచి తేమగాలి వీచే జనవరిలో
గోడలకు చెమట పట్టి, గచ్చు తడి ఆరని రోజుల్లో
గుడ్డలోంచి కూడా చీమల బారొకటి
మోచేతిదాకా పాకేది.
"నలభై ఏళ్ళు. ఒక్కరికైనా ఏమన్నా అయిందా?"
అంటాడు ఓస్వల్దో,
రబ్బరు చెప్పుల్లో నిలబడి.

మొన్న మంగళవారం మలేనా నడిచింది.
బల్ల కాలు నుంచి కుర్చీకి,
కుర్చీ వదిలేసి
స్నానం తడి ఆరని వట్టి పాదాలతో
తిన్నగా ఆ తెల్ల తలుపు వైపు.
మధ్యలో నేనున్నాను గనక సరిపోయింది.

గ్రిసెల్దా పవుతాస్సో వచ్చింది.
ఒక చేత మాతే తేనీటి బుర్ర, ఒక చేత టెస్టర్.
ఫ్యూజుల పెట్టె తెరిచి
పళ్ళ డాక్టరులా నాలుక చప్పరించింది.
గుడ్డ తొడిగిన తీగలు, పగిలిన పింగాణీ,
ఫ్యూజు తీగ ఉండాల్సిన చోట
లావాటి రాగి పోగులు నాలుగు మెలేసి:
మా మామగారి చేతిపని.
ఫ్రిజ్ ప్లగ్గుకి మూడో కాలు లేదు.
గోడకి రెండే కన్నాలున్నాయని
పటకారుతో కోసేసిందీ ఆయనేనట.
ఓస్వల్దో కాస్త గర్వంగానే చెప్పాడు.

పెరట్లో నిమ్మచెట్టు పక్కన
రెండు మీటర్ల రాగి పూత కడ్డీ నేలలోకి దిగ్గొట్టింది గ్రిసెల్దా.
మధ్యాహ్నం రెండున్నర. వీధంతా కునుకు తీసే వేళ.
పక్కింటి ఎవరిస్తో గోడ మీంచి తల పెట్టి
ఆమె తల్లిని, నా తల్లిని,
ఆ కడ్డీని కన్న తల్లిని తిట్టాడు.
సుత్తి ఆగలేదు.

తర్వాత ఆ తెల్ల డబ్బా. దిస్యుంతోర్ అంటారిక్కడ.
"దీనికి తీసివేత ఒక్కటే వచ్చు" అంది.
"వెళ్ళిన కరెంటు వెళ్ళినంతా తిరిగి రావాలి.
చిటికెడు తగ్గిందా,
ఎవరి ఒంట్లోంచో నేలకి పోతోందనుకుంటుంది.
ఎవరని అడగదు. రెప్ప వాలేలోపు ఆపేస్తుంది."
నాకు బడి బస్సు గుమ్మంలో
పిల్లల తలలు లెక్కపెట్టే టీచరమ్మ గుర్తొచ్చింది.
ఒక తల తక్కువైతే
బస్సు కదలనివ్వదు.

కొత్త ప్లగ్గుకి మూడో కాలు వేసి, ఫ్రిజ్ పెట్టింది.
టప్.
మళ్ళీ మీట ఎత్తింది.
టప్.
ఓస్వల్దోకి ప్రాణం లేచొచ్చింది.
"చూశావా? నిక్షేపంలా నడిచే ఇల్లు,
డబ్బిచ్చి చెడగొట్టుకున్నాం."
ఐసు కరిగి గచ్చు మీదకి కారుతోంది.
గ్రిసెల్దా ఆ తడిలోనే బోర్లా పడుకుని
ఫ్రిజ్ కిందకి టార్చి వేసింది.
మోటారు వణుకుకి ఇనుప అంచు మీద
రాసుకుని రాసుకుని
తీగ తొడుగు ఊడింది, రాగి బయటపడింది,
ఎండుద్రాక్షంత మేర.
"దాచిందేమీ లేదు" అంది మోకాళ్ళు దులుపుకుంటూ.
"రోజూ తన్ని మరీ చెబుతోంది కదా."

నెలకోసారి డబ్బా మీది బొత్తాం నొక్కి చూడమంది.
మొదటిసారి నొక్కింది ఓస్వల్దోనే,
ఎవరూ చూడట్లేదనుకుని.
ఇల్లంతా ఒక్కసారిగా చీకటి.
"పనిచేస్తోందిలే" అన్నాడు
ఆ చీకటితో.

గుడ్డ విప్పేశాను.
చెయ్యికి మాత్రం నమ్మకం కుదరలేదు.
అర్ధరాత్రి మలేనా పాలకి ఏడిస్తే
వట్టి పాదాలతో గచ్చు మీద నిలబడి
పిడి పట్టుకుంటాను,
భుజం బిగబట్టి,
తన్ను కోసం చూస్తూ.
చల్లగా తగులుతుంది. అంతే.
చెప్పుల జత తలుపు పక్కనే ఉంది ఇంకా.
రేపు తీస్తాను.